పురిటి పడవకు చీటీ

ఎర్రగట్టు మిషన్ దవాఖానా, చర్ల దగ్గర
12 సెప్టెంబరు 1982

తమ్ముడు జకర్యాకు,

ప్రభువు కృపలో నేను క్షేమం. మార్తమ్మకు, పిల్లలకు దీవెనలు.

ఎర్రగట్టు రేవు వేలం పాట నీకు వచ్చిందని సవరయ్య చిన్నాయిన చెప్పిండు. నీ నోటితో వినలేదు. లాంచీ బాగుంది. దండ వేసి, ప్రార్థన చేయించి గోదావరిలోకి దించిండ్రు. నేను కూడ ఆమెన్ అన్న. మరుసటి రోజే మా ఒడ్డున ఉన్న పదకొండు పడవలను ఒక్క గొలుసుకు గుచ్చి, రేవు రాతికి తాళం వేసిండ్రు.

పాట పాడినోడిది తప్ప ఇంకెవరి పడవా రేవులో తిరగొద్దని కాగితంలో ఉందట. ఉండనీ. నేను కాగితం గురించి రాయటం లేదు.

నాయిన పడవ నడిపినన్ని రోజులు ఊరు ఆయనకు పైసలు ఇయ్యలేదు. పంట ఇల్లు చేరినంక ఇంటికో కుంచెడు జొన్నలు పోసేటోళ్ళు. దాంతో ఏడాదంత దాటుడే. నొప్పుల మీద ఉన్న ఆడమనిషిని తెస్తే మాత్రం పడవలో ఉన్నోళ్ళను దించేసి ఆమెను ముందు దాటించేటోడు. దానికి గింజ ముట్టలేదు. ఆమె అవతలి ఒడ్డు ఎక్కేదాక తాను నీళ్ళు కూడ తాగకపోయేది. పురిటి పడవ అనేటోళ్ళు. ఈ ఒడ్డున ఏ పడవ నడిపేటోనికైనా అదే నియమం.

నువ్వు పుట్టింది పురిటి పడవలనే. నాకు పద్నాలుగేండ్లు. అమ్మ తల నా ఒళ్ళో ఉంది. నాయిన ఊళ్ళో లేడు, గడ వేసింది సవరయ్య చిన్నాయిన. నది నడుమ నువ్వు ఏడ్చినవ్. ఆయన గడ ఆపి తాను ఏడ్చిండు.

ఇప్పుడు కూడ మా దగ్గర నర్సును నాతోని కాని కాన్పైతే మణుగూరు దవాఖానాకు దాటించాల్సిందే. భద్రాచలం చుట్టు తిరిగి పోయే దారి సంగతి నీకు తెలుసు. లాంచీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నొప్పులు ఆ రెండు వేళలు చూసుకొని రావు.

పదకొండింటిలో ఒక్క పడవను వదిలిపెట్టు. ఇంకేమీ అడగను.

నీ అక్క
సంపూర్ణ


ఖమ్మం
3 అక్టోబరు 1982

అక్కకు జకర్యా వందనాలు.

నీ ఉత్తరం చదివి మార్తమ్మ కండ్లు తుడుచుకుంది. నేను నవ్విన. నేను పుట్టిన కథ నీకు ఏదన్న కావాల్సి వచ్చినప్పుడే నీకు యాదికొస్తది. పోయినసారి దవాఖానా కప్పుకు రేకులు అడిగినప్పుడు చెప్పినవ్. రేకులు వచ్చినయి కదా.

అక్కా, ఒక్క పడవ వదిలితే ఏమైతదో నేను చెప్త. పొద్దున పురిటి మనిషి. మధ్యాహ్నం జ్వరం మనిషి. సాయంత్రానికి జ్వరం మనిషి పక్కన నాలుగు మిరపకాయ బస్తాలు. నెల తిరిగేసరికి లాంచీలో నేను, డ్రైవరు, ఇద్దరమే. ఖమ్మంలో నన్ను ముంచాలని చూసేటోళ్ళు ముగ్గురున్నరు. వాళ్ళకు కావాల్సింది గసొంటి సందే. నేను కఠినంగ ఉండేది ఒక్క పాట దగ్గరనే. అక్కడ మెత్తగుంటే నేను అందరి దగ్గర మెత్తగుండలేను. నాకు చేతనైన లెక్క అది.

సవరయ్య చిన్నాయినను లాంచీ మీద టికెట్లు కొట్టమన్న. కుర్చీ వేయిస్తనన్న. నీళ్ళ మీద కూర్చొని పోవుడు తనకు రాదన్నడు. సరే, నెలకో బియ్యం బస్తా పంపుతున్న. నువ్వు చెప్పి తీసుకునేటట్టు చెయ్యి.

నీ మాట తీసెయ్యలేను. అందుకని గిట్ల చేసిన. నీ చేతి చీటీ, కింద నీ సంతకం ఉంటే, తుల్సీరాం ఏ వేళకైనా ఒక పడవకు గొలుసు విప్పుతడు. తుల్సీరాం అంటే రేవు కావలి, లారీ కింద పాదం పోయినోడు. ఎవడూ పని ఇయ్యకుంటే నేను ఇచ్చిన. వాని బిడ్డ పెండ్లిలో పందిట్ల నిలబడి నేనే వడ్డించిన. నేను గీసిన గీత వాడు దాటడు. వానికి చదువు రాదు, కాని నీ పాత ఉత్తరం ఒకటి పెట్టి నీ సంతకం నేర్పిన.

ఒక్కటి గుర్తు పెట్టుకో. కాంపౌండర్ చీటీ, పాస్టరు గారి చీటీ, సర్పంచి చీటీ చెల్లవు. ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఎవరికీ ఇయ్యకు. అది ఒకసారి చెయ్యి దాటిందంటే ఆగదు.

ఇంకో మాట. నీ ఉత్తరంలో గీతలు కుడివైపు పోయేకొద్ది కిందికి జారుతున్నయి. పోయినేడు గట్ల లేవు. కుడి కన్ను కదా. నాకు చెప్పలేదు. ఇక్కడ మంచి డాక్టరు ఉన్నడు, శుక్లం తీస్తడు. డిసెంబరులో రా. క్రిస్మస్ మా ఇంట్లోనే. ఆపరేషన్ నా ఖర్చు, నా సేవ. కాదంటే నేనే వచ్చి ఎత్తుకొస్త.

జకర్యా


ఎర్రగట్టు
28 నవంబరు 1982

తమ్ముడు జకర్యాకు,

నీ చీటీ పద్ధతి నడుస్తున్నది. ఇప్పటికి నలుగురు దాటిండ్రు. నలుగురూ క్షేమం. దేవునికి స్తోత్రం. నీకు కూడ.

తుల్సీరాం చీటీని వెలుతురుకు పట్టి, సంతకం మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మీద నడిపిస్తడు. అంతసేపు ఆ ఆడమనిషి ఒడ్డున కూర్చుంటది. తర్వాత తాళం తీస్తడు. నా పేరుకు ఇంత బలముందా అని మొన్న ఒకసారి మనసులో సంతోషమైంది. ప్రార్థనలో ఆ తప్పు ఒప్పుకున్న.

చిన్నాయిన పొద్దున్నే వచ్చి గొలుసులో ఉన్న పడవలన్నిటి మీద నీళ్ళు చల్లి పోతున్నడు. తడి లేకుంటే చెక్క నెర్రెలిస్తదట. ఎవరి పడవ అని చూడడు. బియ్యం బస్తా మూతి విప్పలేదు. నేను చెప్పి చూసిన.

కన్ను నిజమే. కీర్తనల పుస్తకం కంఠతా వచ్చు కాబట్టి గడుస్తున్నది. సూది మందు ఎక్కించేటప్పుడు భయమేస్తున్నది. అందుకే వస్త. డిసెంబరు పదిహేనున బయల్దేరుత.

నేను లేని రోజులకు నాలుగు ఖాళీ చీటీల మీద సంతకం పెట్టి పొమ్మని కాంపౌండర్ గోప్యా అడిగిండు. నమ్మకస్తుడు. అయినా తమ్ముడికి మాట ఇచ్చిన అన్న. నువ్వు చెప్పినట్టే ఒక్కటి కూడ పెట్టి రావటం లేదు. మూడు వారాలే కదా.

సంపూర్ణ


ఎర్రగట్టు
16 జనవరి 1983

తమ్ముడు జకర్యాకు,

నేను చేరిన. కన్ను బాగుంది. కట్టు విప్పినంక ఇదే మొదటి ఉత్తరం. గీతలు జారటం లేదు, చూడు.

తండాలో రెడ్యా అని ఉన్నడు. పెండ్లయి రెండేండ్లు. భార్య చాంది, తొలి కాన్పు. ముక్కోటి నాడు తెల్లవారంగ నొప్పులు మొదలైనయి. బిడ్డ అడ్డం తిరిగి చెయ్యి ముందు వచ్చింది. గోప్యాకు తెలిసింది, ఇది తన చేతిలో లేదని. మంచం మీద రేవుకు తెచ్చిండ్రు.

లాంచీ లేదు. ముక్కోటి జనాన్ని మొయ్యటానికి భద్రాచలం కిరాయికి పంపినవ్. ఆ ఒక్క రోజు ఆదాయం వారం రోజులదని నా ముందరే మార్తమ్మతో అన్నవ్. నేను నవ్విన కూడ.

గోప్యా చీటీ రాసి ఇచ్చిండు. తుల్సీరాం వెలుతురుకు పట్టి చూసి, ఇది అమ్మ సంతకం కాదన్నడు. అమ్మ ఖమ్మంలో మీ సారు ఇంట్లనే ఉన్నది, కంటికి కట్టు ఉన్నది, ఎట్ల రాస్తది అని గోప్యా అడిగిండు. అయితే సారుతోనే చెప్పించుండ్రి అన్నడట. చర్ల పోయి ఫోను చేస్తే లైను దొరకలేదు.

తుల్సీరాం చెడ్డోడు కాదు. తాళంచెవి బొడ్డులో దోపుకొని ఏడ్చుకుంట కూర్చున్నడట. "నా కాలు పోయిన నాడు ఆయన తప్ప ఎవ్వరూ రాలే. ఆయన చెప్పింది ఒక్కటే మాట. అదొక్కటి గూడ నిలబెట్టకపోతే నేనెందుకు" అన్నడట.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పుడు చిన్నాయినకు ఎవరో చెప్పిండ్రు. ఆయన వచ్చి పడవలోని లంగరు రాయి ఎత్తి గొలుసు మీద వేసిండు. అరవై ఎనిమిదేండ్ల మనిషి. ఒక లంకె తెగేసరికి గంటన్నర పట్టింది. తుల్సీరాం అడ్డం పోలేదు. పక్కకు తిరిగి కూర్చున్నడు.

నది నడుమ చాంది పోయింది. బిడ్డ కూడ. చిన్నాయిన గడ ఆపిండట.

మూడో రోజు పోలీసులు వచ్చి ఆయనను తీసుకపోయిండ్రు. గొలుసు తెంపి, పడవ దొంగిలించినట్టు ఫిర్యాదు. నిన్న స్టేషనుకు పోయి కాగితం చదివిన. కింద నీ సంతకం ఉంది. తేదీ ఉంది.

ఆ తేదీ సాయంత్రం నాకు గుర్తుంది. వరండాలో పడక కుర్చీ వేసి, నువ్వు నా కంట్లో చుక్కల మందు వేసినవ్. కదలకు అక్కా అని వంద దాక లెక్కపెట్టినవ్. లెక్క అయ్యేదాక నీ వేలు నా రెప్ప మీదనే ఉంది. ఎంత మెల్లగ పట్టుకున్నవో ఇప్పటికీ తెలుస్తున్నది.

నీకు అప్పటికి తెలుసా? అవ్ అనో, కాదనో రాయి. చాలు.

ఫిర్యాదు వాపసు తీసుకో.

సంపూర్ణ


ఖమ్మం
24 జనవరి 1983

అక్కా,

అవ్.

ముక్కోటి మర్నాడు ఫోను వచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది. ఏడిస్తే కుట్లు విడిపోతయని డాక్టరు చెప్పిండు కదా, నీ ముందరే చెప్పిండు. నువ్వు ఊరికి పోయేదాక ఇంట్లో ఎవ్వరూ నోరెత్తొద్దని నేనే అన్న. మార్తమ్మ వంటింట్లో ఏడ్చింది. నీకు జలుబు అని చెప్పింది, గుర్తుందా. ఆ పది రోజులు నేనెట్ల నవ్విన్నో నాకే తెలుసు. అది తప్పంటే తప్పే. నీ కన్ను పోతే నేను బతకలేను.

నువ్వు పోయిన మూడో రోజే తండాకు పోయిన. కారు వాగు దగ్గర ఆపి నడిచి పోయిన. రెడ్యా ఇంటి ముందు నేల మీద కూర్చున్న. వాడు ఏడ్చిండు, నేను ఏడ్చిన. అది ఎవరికో చూపించటానికి కాదు, అక్కడ నన్ను చూసేటోళ్ళెవరు. వాని ఎద్దు ఒకటి పోయినేడు చచ్చిందట. జత ఎడ్లు కొనిచ్చిన. ఇంకేం కావాలన్న చేస్త. తుల్సీరాంను ఒక్క మాట అనలేదు. వాడు నేను చెప్పిందే చేసిండు.

కాని అక్కా, కేసు తియ్యలేను. కోపగించుకోకుండ విను. ఆ గొలుసు తెగిన సంగతి రెండు రోజుల్లో పినపాక దాక పోయింది. నాకు ఇంకో రెండు రేవులున్నయి. అక్కడా గొలుసులే. తెంపినోణ్ణి వదిలిపెట్టిండు అంటే ఇంక ఏ రేవులో నా గొలుసు నిలవదు. అప్పు తెచ్చి లాంచీలు వేసినోణ్ణి. మునిగితే నాతో పాటు తుల్సీరాం, డ్రైవర్లు, అందరూ మునుగుతరు. నీ దవాఖానాకు మందుల పెట్టె కూడ ఆ లాంచీలోనే వస్తది.

చిన్నాయినకు వకీలును నేనే పెట్టిన. ఖమ్మంలో మంచి పేరున్నోడు. నా వకీలు కంటే గట్టోడు. బెయిలు కూడ నా మనిషే ఇస్తడు. ఆయనకు నా పేరు చెప్పకు. ఆయన ఓడిపోవాలని నాకు లేదు. కేసు మాత్రం నడవాలె. నీకు అర్థమైతదనుకుంట.

చుక్కల మందు అయిపోయిందా? ఇంకో సీసా పంపుతున్న. రోజుకు మూడుసార్లు, మరువకు.

జకర్యా


ఎర్రగట్టు
20 ఫిబ్రవరి 1983

తమ్ముడు జకర్యాకు,

సీసా అందింది.

చిన్నాయిన బెయిలు మీద వచ్చిండు. ఇంటికి పోనంటే దవాఖానా వసారాలో మంచం వేసిన. వకీలును పెట్టింది ఎవరో ఆయనకు తెలుసు. చెప్పాల్సిన పని పడలేదు. ఖమ్మం వకీలు ఇంత దూరం ఊరికెట్ల వస్తడు అన్నడు. వకీలు వచ్చిన రోజు కేసు మాట ఏదీ అడగలేదు. "మా జకర్యాకు చలికాలం దగ్గు వస్తుండె, తగ్గిందా" అని అడిగిండు. వకీలు నా వైపు చూసిండు.

గొలుసు తెంపిన్నని ఒప్పుకుంటనంటున్నడు. తెంపినప్పుడు తెంపలేదని ఎట్లంట అంటున్నడు. ఒప్పుకుంటే ఆరు నెలలు తప్పదని వకీలు చెప్పిండు. ఆయన గుండెకు ఆరు నెలలు లేవు. ఇది నర్సుగ చెప్తున్న.

పడవల మీద నీళ్ళు చల్లటానికి పోవటం లేదు. మానేసిండు.

రెడ్యా ఎడ్లను తీసుకున్నడు. దుక్కికి కట్టిండు. తీసుకోక ఏం చేస్తడు. మొన్న కలిసినప్పుడు ఒక మాటన్నడు. నువ్వు నేల మీద కూర్చొని ఏడ్చినంక నీ మీద కోపం ఉంచుకోలేకపోయిన్నని. మంచి మాటే. నాకు మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచి భయంగ ఉంది. ఆ కోపం ఒక్కటే గొలుసు మీద పడగలిగే రాయి. దాన్ని కూడ నువ్వు మెల్లగ చేతిలోనుంచి తీసుకున్నవ్.

నన్ను సాక్షిగ పిలిచిండ్రు. మార్చి ఇరవై రెండు, భద్రాచలం కోర్టు. వస్త.

ఫిర్యాదు తియ్యటానికి ఇంకా నెల ఉంది.

సంపూర్ణ


ఖమ్మం
25 మార్చి 1983

అక్కా,

కోర్టులో నీతో మాట్లాడలేకపోయిన. నా వకీలు ఒకపక్క, నీ వకీలు ఇంకోపక్క. నీ వకీలు అంటే అదీ నా వకీలే. కొత్త అద్దాలు నీకు పెద్దవైనయి, ముక్కు మీదికి జారుతున్నయి. ఫ్రేము మార్పిస్త.

నువ్వు బోనులో నిలబడి దేవుని సాక్షిగ చెప్పిన మాటలు నాకు అక్షరం పోకుండ గుర్తున్నయి. "ఊరికి పోయే ముందు ఒక చీటీ మీద సంతకం చేసి గోప్యాకు ఇచ్చిన. అది చాంది కొంగున కట్టి ఉండె. ఆమెతోనే పోయింది." కొంగు విప్పి చూసినవా అని తుల్సీరాంను అడిగితే, చూడలేదన్నడు. వాడు ఇంకేం చెప్తడు. గోప్యా కూడ ఇచ్చిందని తల ఊపిండు. చీటీ ఉన్నప్పుడు గొలుసు విప్పకపోవుడు కావలి తప్పు, తెంపినోనిది కాదని కొట్టేసిండ్రు.

జన్మలో నువ్వు చెప్పిన మొదటి అబద్ధం నా కండ్ల ముందర చెప్పినవ్.

నీ నవంబరు ఇరవై ఎనిమిది ఉత్తరం నా జేబులో ఉండె. ఒక్కటి కూడ పెట్టి రావటం లేదు అని నువ్వు రాసింది. నా వకీలుకు ఆ ఉత్తరం సంగతి తెలుసు. రెండుసార్లు నా మోచెయ్యి నొక్కిండు. తీసి ఇస్తే ఆ నిమిషంలోనే కేసు నాది. నువ్వు అబద్ధపు సాక్ష్యం కింద అక్కడ్నే నిలబడి ఉండేదానివి. నేను జేబు మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్న. కేసు పోయింది.

ఆ ఉత్తరం దీంతో పంపుతున్న. పొయ్యిల పెట్టు.

నువ్వు నా మీద మనసులో ఏమనుకుంటున్నవో నాకు తెలుసు. కాని ఒకటి చెప్పు. నీ మనిషి కోసం నువ్వు నీ నియమాన్ని పక్కన పెట్టినవ్. నా మనిషి కోసం నేను నా నియమాన్ని పక్కన పెట్టిన. ఒక్క తల్లి పిల్లలమే కదా.

అసొంటి తప్పు మళ్ళా జరగొద్దని చీటీల పుస్తకం అచ్చు వేయించిన. వంద చీటీలు. పైన మన లాంచీ సర్వీసు పేరు, నడుమ మనిషి పేరుకు ఖాళీ, కింద నీ పేరు. నువ్వు సంతకం చేస్తే చాలు. ఊరికి పోయేటప్పుడు అయిదారు మీద పెట్టి గోప్యాకు ఇచ్చిపో. నేను నేర్చుకోలేదని అనకు.

వర్షాకాలానికి ముందు రేవు పాట మళ్ళా ఉంది. ఈసారి మూడేండ్లకు ఇస్తున్నరు.

జకర్యా


ఎర్రగట్టు
10 ఏప్రిల్ 1983

తమ్ముడు జకర్యాకు,

చీటీల పుస్తకం అందింది. అచ్చు చక్కగ ఉంది.

నేను చెప్పింది అబద్ధమే. పాస్టరు గారికి చెప్పిన. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి రావొద్దని ఆయన అనలేదు. నేనే పోవటం లేదు. రెండు ఆదివారాలు వెనక బెంచీలో కూర్చొని లేచి వచ్చిన. ముప్పై ఏండ్లలో ఇది మొదటిసారి. ఆ బరువు నాది. నీకు పంచను.

ఒక్క తల్లి పిల్లలం అన్నవ్. నువ్వు రాసింది నాలుగు రోజులు ఆలోచించిన. కాదు, తమ్ముడూ. నువ్వు నీ నియమాన్ని పక్కన పెట్టలేదు. అది ఎక్కడున్నదో అక్కడ్నే, రేవు రాతికి ఉంది. నువ్వు పక్కకు తీసింది నన్ను ఒక్కదాన్నే, అది మీద పడకుండ.

నీ దయ అబద్ధమని నేను ఎన్నడూ అనను. నా రెప్ప మీద నీ వేలు నిజం. రెడ్యా ఇంటి ముందు నీ ఏడుపు నిజం. కాని నీ దయ నీకు ముఖం తెలిసినోళ్ళకు అందుతది. చాంది ముఖం నీకు తెల్వదు. తెలిసి ఉంటే ఆ రోజు నువ్వే గోదావరి ఈది ఆమెను దాటించేటోడివి. అది కూడ నేను నమ్ముత. అందుకే నా ఏడుపు తీరటం లేదు. చెడ్డోడివైతే ఒక్కసారి ఏడ్చి ఊరుకునేదాన్ని.

నా తప్పు కూడ రాస్త. నువ్వు దయను చీటీ చేసి నా చేతిలో పెట్టినవ్. నేను సంతోషంగ పట్టుకున్న. పదకొండు పడవలు విప్పమని అడగాల్సినదాన్ని, ఒక్కటి చాలన్న. గోప్యా నాలుగు సంతకాలు అడిగితే తమ్ముడి మాట అన్న. దేవుని మాట అనుకోలేదు. నీ మాట అనుకున్న. చాంది కొంగున కట్టి ఉండాల్సిన చీటీ అది.

చిన్నాయిన ఇంటికి పోయిండు. రేవు దిక్కు పోడు. పడవల్లో ఎనిమిది నెర్రెలిచ్చినయి. మూడే తేలుతున్నయి.

నువ్వు పంపిన వంద చీటీల మీద సంతకం చేసిన. రెండు రోజులు పట్టింది. కన్ను నొప్పి పెట్టలేదు, నువ్వు చేయించిన ఆపరేషన్ మంచిది. మనిషి పేరు దగ్గర ఏమీ రాయలేదు. గోప్యా, నేను ఇల్లిల్లు తిరిగి పంచినం. ఊళ్ళో, తండాలో, అడవి లోపలి మూడు పల్లెల్లో. ఇంటికొకటి. గుడిసె వాసంలో దోపుకున్నరు. చదువు రానోళ్ళు కూడ.

నీ తుల్సీరాంకు నా సంతకం బాగ తెలుసు. నీ ఉత్తరంతోనే నేర్పినవ్. ఇప్పుడు గొలుసు విప్పాలె. లేకపోతే అక్క సంతకం చెల్లదని నీ నోటితో నువ్వు చెప్పాలె.

నవంబరు ఉత్తరం కాల్చలేదు. నీకే వాపసు పంపుతున్న. నీ నియమానికి అది సాక్ష్యం. నీ దగ్గరే ఉండనీ.

సంపూర్ణ


ఖమ్మం
19 ఏప్రిల్ 1983

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మార్తమ్మకు చూపించలేదు.

వచ్చే సోమవారం నుంచి చీటీలు చెల్లవని తుల్సీరాంకు కబురు పంపిన. ఎవరి చీటీ అయినా. రేవు పాట ఇంకో నెలలోనే ఉంది, నాకు వేరే దారి లేదు. నీ మీద కోపం కాదు. కోపం ఉంటే ఈ ఉత్తరం రాయను.

నీ మాట పూర్తిగ పోవద్దని లాంచీలో పురిటి మనుషులకు సగం టికెట్టు పెట్టిన. బోర్డు కూడ రాయించిన.

ఎడమ కన్నుకు డాక్టరుతో మాట్లాడిన. మే పద్నాలుగు. పన్నెండున కారు పంపుత. నీ గదిలోకి ఎండ కొట్టకుండ మార్తమ్మ కిటికీకి మందం తెర కుట్టింది. చుక్కలు నేనే వేస్త. పోయినసారి కంటే మంచి మందు వచ్చిందట.

రా అక్కా.

జకర్యా


ఎర్రగట్టు
28 ఏప్రిల్ 1983

తమ్ముడు జకర్యాకు,

కారు పంపకు.

సోమవారం మధ్యాహ్నం లోపలి పల్లె నుంచి ఒకామెను తెచ్చిండ్రు. పెనిమిటి చేతిలో చీటీ ఉంది. తుల్సీరాం వెలుతురుకు పట్టి చూసిండు. "సంతకం అమ్మదే" అన్నడు. చీటీని మడతపెట్టి వాపసు ఇచ్చిండు. నేను పక్కనే నిలబడి ఉన్న. నా ముఖం చూడలేదు. సాయంత్రం లాంచీ వచ్చేదాక ఆమె ఒడ్డు మీదనే ఉంది. సగం టికెట్టు తీసుకున్నరు. బతికింది, బిడ్డ కూడ. ఈసారికి దేవుడు.

మార్తమ్మ చేతి తెర వేరే ఎవరికన్న పనికొస్తది.

ఎడమ కన్ను అట్లనే ఉండనీ. నువ్వు బాగు చేయించిన కంటికి దవాఖానా వాకిట్లోనుంచి రేవు రాయి కనిపిస్తున్నది. గొలుసులో లంకె లంకె విడివిడిగ కనిపిస్తున్నది. తెగిన చోట కొత్తది వేసిండ్రు, అదొక్కటి మెరుస్తున్నది.

అంత చూపు చాలు.

నీ అక్క
సంపూర్ణ